ఈనిన ఆవుకు గర్భసంచి వాపు, దాని వెనక బెదురు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఊరు బెంగళూరు పక్కన, హోసకోటె దాటాక వస్తుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, పాల డైరీ దగ్గర కన్నడ. 18 ఏళ్ళుగా హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ ఆవులను సాకుతున్నాం, ఇప్పుడు కొట్టంలో ఏడున్నాయి. పొద్దున క్యాను పట్టుకుని వరుసలో నిలబడ్డప్పుడు నన్ను అడిగేవాటిలో సగం ఒకే సంగతి గురించి ఉంటాయి: "ఆవు ఈని ఐదు రోజులైందక్కా, కంపు కొడుతోంది, మేత ముట్టడం లేదు." నేను డాక్టర్ను కాను. ఒకటి రెండు మంచి ఆవులను పోగొట్టుకున్నాక, డాక్టర్లను పదే పదే అడిగి తెలుసుకున్నదాన్ని. ఐదో రోజున మన ముక్కుకు తెలిసే ఈ జబ్బుకు చాలా ఆవుల్లో ఈనడానికి రెండు మూడు వారాల ముందే దారి పడుతుంది. ఆ రోజుల్లో ఆవు పడిన బెదురు, ఆకలి, ఉడుకు కలిసి ఆ దారి వేస్తాయి. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే మా ఆవు గౌరి బతికేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈనిన తర్వాత ఎర్రగా కారితే అది జబ్బేనా?

అన్నిసార్లూ కాదు. ఈనిన ఆవుకు రెండు మూడు వారాల పాటు ఏదో ఒకటి కారుతూనే ఉంటుంది. మొదట ఎర్రగా, తర్వాత చాక్లెట్ రంగులో, చివరికి తేటగా వచ్చి ఆగిపోతుంది. చిక్కగా ఉండి, కుళ్ళు కంపు లేకపోతే గర్భసంచి తనను తాను శుభ్రం చేసుకుంటోందని అర్థం. ఈనిన రోజున దాదాపు 9 కిలోలు తూగే గర్భసంచి నెల తిరిగేసరికి కిలో బరువుకు వస్తుంది. అంత పని జరుగుతున్నప్పుడు కొంత బయటికి రావాల్సిందే.

జబ్బు చేసినప్పుడు కారేది వేరుగా ఉంటుంది. నీళ్ళలా పలుచగా, ఎర్ర గోధుమ రంగులో, కొట్టం గుమ్మం దగ్గరే ముక్కు మూసుకునేంత కంపుతో వస్తుంది. జ్వరం 39.5 డిగ్రీల సెల్సియస్, అంటే దాదాపు 103 ఫారన్‌హీట్ దాటుతుంది. పాలు పడిపోతాయి, కళ్ళు లోపలికి పోతాయి, చెవులు వాలిపోతాయి. ఇది ఎక్కువగా మొదటి 10 రోజుల్లో వస్తుంది, 21 రోజుల లోపు ఎప్పుడైనా రావచ్చు. డాక్టర్లు దీన్ని మెట్రైటిస్ అంటారు. 21 రోజులు దాటాక జ్వరమేమీ లేకుండా చీము మాత్రమే కనిపిస్తే దాన్ని ఎండోమెట్రైటిస్ అంటారు. మూడో రకం కూడా ఉంది, బయటికి ఏ గుర్తూ ఉండదు కానీ లోపలి పొర వాచి ఉంటుంది. దాని గురించి కింద రాశాను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈనిన మొదటి రెండు వారాల్లో నూటికి 80కి పైగా ఆవుల గర్భసంచిలోకి సూక్ష్మజీవులు చేరతాయి. ఈ.కోలై, ట్రూపెరెల్లా, ఫ్యూసోబాక్టీరియం లాంటివి ఎంత శుభ్రమైన కొట్టంలోనైనా చేరతాయి. చాలా ఆవులు వాటిని కొద్ది వారాల్లో తరిమేస్తాయి, కొన్ని తరమలేవు. ఒకే కొట్టం, ఒకే మేత, ఒకే నీళ్ళు ఉన్నప్పుడు ఆ తేడా ఎందుకు వస్తుంది?

ఆవుకు కూడా టెన్షన్ ఉంటుందా? దానికీ గర్భసంచికీ ఏం సంబంధం?

ఎగచేపిన ఆవును చూడని పాడి ఇల్లు ఉండదు. కొత్త మనిషి పితకడానికి కూర్చుంటాడు, లేదా పక్కన కుక్క మొరుగుతుంది. పొదుగు నిండుగా ఉన్నా చుక్క రాదు. పాలు చేపించేది ఆక్సిటోసిన్ అనే హార్మోను. బెదిరిన క్షణంలో అడ్రినలిన్ వచ్చి దాన్ని పని చెయ్యనివ్వదు. కాసేపు నిమిరి, నాలుగు మంచి మాటలు చెబితే ఆవు మళ్ళీ చేపుతుంది. గర్భసంచి ముడుచుకుని మైలను బయటికి నెట్టడానికి కావాల్సింది కూడా ఆ ఆక్సిటోసినే. బెదురు అక్కడ కూడా అడ్డు పడుతుంది, మన కంటికి కనిపించదంతే.

అడ్రినలిన్ వెనకే నెమ్మదిగా వచ్చి ఎక్కువ సేపు ఉండేది కార్టిసాల్. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ కబురు పంపితే పిట్యూటరీ గ్రంథి అందుకుంటుంది. అది మూత్రపిండాల దగ్గరుండే అడ్రినల్ గ్రంథులకు చెబుతుంది, అవి కార్టిసాల్‌ను రక్తంలోకి వదులుతాయి. ఆపద వచ్చినప్పుడు ఒంటికి చక్కెర అందించడం, అప్పటికి ఆగగలిగే పనులను ఆపించడం దాని ఉద్యోగం. గంటా రెండు గంటలైతే మంచిదే. రోజుల తరబడి అలాగే ఉంటే, ఆగిపోయిన పనుల్లో రోగంతో పోరాడే పని కూడా ఉంటుంది.

తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ అనేవి ముందు వరుస సిపాయిలు. అవి రక్తంలో పారుతూ ఉంటాయి. ఎక్కడ సూక్ష్మజీవులు చేరితే అక్కడ రక్తనాళం గోడను పట్టుకుని, సందులోంచి దూరి బయటికి వెళ్ళి వాటిని మింగేస్తాయి. గోడను పట్టుకోవడానికి వాటి ఒంటి మీద కొక్కేల్లాంటివి ఉంటాయి, వాటి పేరు ఎల్-సెలెక్టిన్. కార్టిసాల్ ఎక్కువైతే ఆ కొక్కేలు తగ్గిపోతాయి. అప్పుడు రక్తపరీక్ష చేస్తే న్యూట్రోఫిల్స్ పెరిగినట్టే కనిపిస్తాయి, ఎందుకంటే అవి నాళాల్లోనే తిరుగుతున్నాయి, గర్భసంచిలోకి దిగడం లేదు. ఒక శిక్షణలో డాక్టరమ్మ బోర్డు మీద ఈ బొమ్మ గీసి చూపించినప్పుడు మా కొట్టంలో ఏళ్ళ తరబడి జరిగినవన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి.

ఈనడానికి కార్టిసాలే కావాలంటారు కదా? మరి అది చెడ్డదెలా అవుతుంది?

నిజమే, కావాలి. నెలలు నిండిన దూడ తల్లి కడుపులో ఉండగానే తన అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్ వదులుతుంది. దాంతో గర్భాన్ని నిలిపి ఉంచే ప్రొజెస్టెరాన్ తగ్గి ఈస్ట్రోజెన్ పెరుగుతుంది, నొప్పులు మొదలవుతాయి. తాను ఎప్పుడు పుట్టాలో చెప్పేది దూడేనన్నమాట. ఇది ఎన్నిసార్లు తలచుకున్నా నాకు అబ్బురమే.

తల్లి రక్తంలో కూడా ఈనే రోజున కార్టిసాల్ బాగా పెరుగుతుంది. ఈత సుఖంగా జరిగితే ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది. దూడ అడ్డం తిరిగి, నలుగురు పట్టి లాగాల్సి వస్తే, ఆవు అప్పటికే బెదిరి, పస్తుండి, ఎండకు సొలసి ఉంటే అంత తొందరగా దిగదు. ఆ ఆవుకే సిపాయిలు ఎక్కువ కావాలి, ఆ ఆవుకే అవి తక్కువ పడతాయి.

మాయ పడకపోవడానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. మాయ గర్భసంచికి 75 నుంచి 120 దాకా బొడిపెల దగ్గర అతుక్కుని ఉంటుంది. దూడ బయటపడ్డాక తల్లి ఒళ్ళు ఆ మాయను పరాయిదిగా గుర్తు పట్టాలి, తెల్లకణాలను పంపాలి, అతుకును విడదీయాలి. మాయ తన బరువుకు తాను జారిపడుతుందని అనుకుంటాం కానీ, దాని వెనక రోగంతో పోరాడే ఆ శక్తే పని చేస్తుంది. అమెరికాలో ఏమ్స్ అనే ఊళ్ళో ఉన్న జాతీయ పశురోగ కేంద్రం శాస్త్రవేత్తలు 2002లో ఒక పరిశోధన ప్రచురించారు. తర్వాత మాయ నిలిచిపోయిన ఆవుల్లో న్యూట్రోఫిల్స్ ఈనకముందు నుంచే మందకొడిగా ఉన్నాయని అందులో తేలింది.

ఇంకో గుర్తు మన డాక్టర్లకు అనుభవంలోనే ఉంది. ఏదో కారణంతో డెక్సామెథసోన్ సూది వేసి ఆవును ముందుగా ఈనిస్తే మాయ నిలిచిపోవడం చాలా ఎక్కువ. ఆ మందు కార్టిసాల్ జాతిదే, దానికంటే చాలా బలమైనది.

మామూలుగా మాయ 12 గంటల్లోపు పడుతుంది. 24 గంటలు దాటితే నిలిచినట్టే లెక్క. కాల్షియం తగ్గడం, కవల దూడలు, నెలలు నిండకముందే ఈనడం, బ్రుసెల్లా లాంటి జబ్బులు కూడా దీనికి కారణాలే, అన్నింటినీ బెదురు మీదే వేయకూడదు.

వేలాడే మాయకు చెప్పో రాయో కడితే పడుతుందంటారు. చేయి పెట్టి లాగించవచ్చా?

రెండూ వద్దు. దయచేసి వద్దు. బరువు కడితే అతుకు విడిపోకుండా మాయ తెగుతుంది, సగం లోపలే ఉండిపోతుంది. లోపలి పొర చిరిగి రక్తం కారుతుంది. కుళ్ళడం మొదలైన చోట ఆ చిరుగుల గుండా విషం నేరుగా రక్తంలోకి పోతుంది.

గౌరి విషయంలో జరిగింది ఇదే. ఈనిన రెండో రోజు, తెలిసినవాడే కదా అని పిలిచిన ఒకాయన మోచేతి దాకా చేయి పెట్టి అరగంట సేపు మాయ లాగాడు. ఆవు వణుకుతూ నిలబడింది, నేను తల పట్టుకుని నిలబడ్డాను. మాయ మొత్తం వచ్చిందని అందరం సంతోషించాం. మూడో రోజుకు 105 జ్వరం. ఆరో రోజుకు ఆవు లేదు.

ఇప్పుడైతే నేను చేసేది ఇంతే. వేలాడే భాగం నేలకు రాసుకుంటుంటే మడమ కంటే పైకి ఉండేలా శుభ్రమైన కత్తెరతో కత్తిరిస్తాను, అది కూడా చేతి తొడుగు వేసుకుని. పొద్దున, సాయంత్రం జ్వరం చూస్తాను. తింటోందా, నెమరేస్తోందా గమనిస్తాను. ఎన్.డి.డి.బి. (జాతీయ పాడి అభివృద్ధి సంస్థ) ప్రచారం చేసే ఇంటి వైద్యంలో ముల్లంగి, బెండకాయలు తినిపించమని ఉంది, మన ఊళ్ళలో వెదురాకు పెడతారు. తినే ఆవుకు అవి పెట్టుకోండి, కానీ అవి పెట్టాం కదా అని డాక్టర్ను పిలవడం ఆపకండి. జ్వరం వచ్చినా, మేత మానేసినా ఆ రోజే పిలవాలి.

ఏ ఆవుకు జబ్బు రాబోతోందో ముందే తెలుస్తుందా?

కొంతవరకు తెలుస్తుంది, దానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2007లో ప్రచురించిన పరిశోధన నన్ను చాలా ఆలోచింపజేసింది. ఈనిన తర్వాత తీవ్రమైన మెట్రైటిస్ వచ్చిన ఆవులు, ఈనడానికి రెండు వారాల ముందు నుంచే మిగతావాటికంటే తక్కువ తిన్నాయి. గాటి దగ్గర తక్కువ సేపు నిలబడ్డాయి, పక్క ఆవులతో పోటీ పడకుండా తప్పుకున్నాయి. ఈనడానికి ముందు వారంలో మేత దగ్గర గడిపే సమయం రోజుకు 10 నిమిషాలు తగ్గితే జబ్బు వచ్చే అవకాశం 1.7 రెట్లు అయింది. తినే మేత, తడి తీసేసి లెక్కేస్తే, ఒక కిలో తగ్గితే ముప్పు దాదాపు మూడు రెట్లు.

అప్పటికి గర్భసంచిలో జబ్బు ఇంకా మొదలుకాలేదు. దూడ ఇంకా లోపలే ఉంది. అయినా ఆవు తప్పుకుని నిలబడుతోంది.

మన కొట్టాల్లో దీన్ని చూడటం ఇంకా సులువు, ఉన్నవి ఐదో పదో కాబట్టి. దాణా వేయగానే వెనక్కి జరిగేది ఏది? పక్క ఆవు కొమ్ము విసిరితే మళ్ళీ మేతకు రానిది ఏది? పొద్దునకు ఎవరి గాటిలో రాగి గడ్డి మిగిలింది? నేను గోడ మీద సుద్దముక్కతో రాసి పెడతాను. ఆ ఆవును విడిగా, కానీ మిగతావి కనిపించేలా కడతాను. ఒంటరిగా చీకట్లో కడితే అదొక బెదురు.

సంతలో నిండు చూడి ఆవును కొనవచ్చా?

ఈ ప్రశ్నకు నా జవాబు చాలామందికి నచ్చదు. ఈనడానికి పది, పదిహేను రోజులు ఉందనగా ఆవును కొని తేవడం మన దగ్గర బాగా అలవాటు, తెచ్చిన వారానికే పాలు వస్తాయి కాబట్టి. గౌరిని కూడా 2017లో అలాగే తెచ్చాం. ఎర్రటి ఎండలో చిన్న ట్రక్కులో నాలుగు గంటలు నిలబడి వచ్చింది. దిగగానే కొత్త కొట్టం, కొత్త నీళ్ళు, కొత్త మనుషులు, దాన్ని దగ్గరికి రానివ్వని పాత ఆవులు. మూడు రోజులు సరిగా తినలేదు. తొమ్మిదో రోజు ఈనింది.

బిడ్డొచ్చిన వేళ, గొడ్డొచ్చిన వేళ అంటారు కదా. గౌరి పోయాక మా అత్తయ్య "ఆ ఆవు మనకు అచ్చిరాలేదు" అంది. ఊళ్ళో అందరూ అదే అన్నారు. ఆ ఆవు తప్పు ఏమీ లేదని, దాన్ని తెచ్చిన తీరు తప్పని నాకు తర్వాత తెలిసింది. అచ్చిరాలేదని మనం అనే ఆవుల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో!

కొనాలనుకుంటే ఈనడానికి కనీసం రెండు నెలల ముందు, వట్టిపోయినప్పుడే తెచ్చుకోండి. లేదా ఈనిన నెలన్నర తర్వాత, ఆరోగ్యం చూసుకుని కొనండి. తప్పనిసరై నిండు చూడి ఆవునే తేవాల్సి వస్తే రాత్రి చల్లపూట తీసుకురండి, అది ఇంతకుముందు తిన్న మేత ఒక వారానికి సరిపడా కూడా తెచ్చుకోండి. బ్రుసెల్లా పరీక్ష చేయించకుండా మాత్రం తేవద్దు.

బెంగళూరు చల్లటి ఊరు కదా, ఇక్కడ ఎండ దెబ్బ ఉంటుందా?

సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరని మనం ధీమాగా ఉంటాం. హెచ్.ఎఫ్. జాతి పుట్టింది నెదర్లాండ్స్, ఉత్తర జర్మనీ ప్రాంతాల్లో. 25 డిగ్రీలు దాటితే వాటికి ఇబ్బంది మొదలవుతుంది. మార్చి నుంచి మే దాకా ఇక్కడ పగలు 33, 35 డిగ్రీలు మామూలే, ఆ పైన తక్కువ ఎత్తులో వేసిన రేకుల కప్పు కింద ఇంకా ఎక్కువ.

పాలిచ్చే ఆవుకు ఫ్యాను పెడతాం, నీళ్ళు చల్లుతాం. వట్టిపోయిన చూడి ఆవును మాత్రం, పాలు లేవు కదా అని, బయట వేపచెట్టు కింద కట్టేస్తాం. మధ్యాహ్నానికి నీడ జరిగిపోతుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం చాలా ఏళ్ళు చేసిన పరిశోధనల్లో, వట్టి కాలంలో చల్లగా ఉంచిన ఆవులు తర్వాతి ఈతలో రోజుకు నాలుగైదు కిలోల పాలు ఎక్కువ ఇచ్చాయి, వాటి న్యూట్రోఫిల్స్ కూడా మెరుగ్గా పని చేశాయి. ఎండ తిన్నవి కొన్ని రోజుల ముందే ఈనాయి, దూడలు చిన్నవిగా పుట్టాయి. అందుకే మా ఇంట్లో ఉన్న రెండు ఫ్యాన్లలో ఒకటి ఎప్పుడూ చూడి ఆవుదే.

పక్కనే లేఅవుట్ పని జరుగుతోంది, జేసీబీ శబ్దం. దీపావళికి టపాసులు. ఏం చేయాలి?

రోజూ ఒకే వేళకు వచ్చే శబ్దానికి ఆవు చాలావరకు అలవాటు పడుతుంది. ఉన్నట్టుండి వచ్చేదానికి పడదు. ఈనే రోజులు దగ్గరపడితే ఆవును రోడ్డుకు దూరంగా, గోడ చాటున కట్టండి. దీపావళి, పెళ్ళి బ్యాండు రోజుల్లో తెలిసిన మనిషి ఒకరు కొట్టంలో ఉండండి. ఈనుతున్న ఆవు చుట్టూ పది మంది చేరి ఫోన్లో వీడియో తీయడం కూడా బెదురే. తొలిచూలు ఆవుకు ఇది మరీ ఎక్కువ, దానికి అంతా కొత్త.

మేత విషయంలో ఏం మార్చాలి?

ఈనిన ఆవు పాలకు కావాల్సినంత తినలేదు, ఒంట్లో కొవ్వు కరిగించుకుంటుంది. అది మితిమీరితే కాలేయం తట్టుకోలేదు, కీటోన్లు పెరుగుతాయి, న్యూట్రోఫిల్స్ ఇంకా బలహీనపడతాయి. బాగా కొవ్విన ఆవుల్లో ఇది ఎక్కువ. చూడి ఆవు కదా అని బూసా, చెక్క తెగ పెట్టి బలిసేలా చేయడం మేలు కాదు.

కాల్షియం లెక్క వింటే ఆశ్చర్యపోతారు. మొదటి రోజు 10 కిలోల జున్నుపాలలో దాదాపు 23 గ్రాముల కాల్షియం పోతుంది. ఆవు రక్తంలో ఒక సమయంలో ఉండేదానికి ఇది తొమ్మిది రెట్లు. మిగతాది ఎముకల్లోంచి, మేతలోంచి వెంటనే రావాలి. రాకపోతే గర్భసంచి కండరం ముడుచుకోదు, తెల్లకణాలకు చురుకు ఉండదు, కార్టిసాల్ ఇంకా పెరుగుతుంది. చాలామంది ఈనడానికి ముందు వారాల్లోనే కాల్షియం సీసాలు పోస్తారు. అలా పోస్తే ఎముకల్లోంచి తీసుకునే పని ఒంటికి అలవాటు తప్పుతుంది, ఈనిన రోజున దెబ్బ తగులుతుంది. కాల్షియం ఇవ్వాల్సింది ఈనాక. ఎంత, ఎలా అన్నది డాక్టర్ను అడగండి.

ఈనిన వెంటనే గోరువెచ్చని నీళ్ళు బక్కెట్ల కొద్దీ పెట్టండి. చాలా ఆవులు 20 లీటర్లు ఒక్క గుక్కలో తాగుతాయి.

కార్టిసాల్ పరీక్ష చేయించవచ్చా?

మనకు దాంతో పని లేదు. ఆవును పట్టుకుని మెడలో సూది గుచ్చితే కొన్ని నిమిషాల్లోనే కార్టిసాల్ పెరుగుతుంది, అంటే పరీక్షే లెక్కను మార్చేస్తుంది. అందుకే శాస్త్రవేత్తలు పాలు, పేడ, వెంట్రుకల్లో కొలుస్తారు. పెరుగుతున్న వెంట్రుకలో కొన్ని వారాల కార్టిసాల్ నిలవ ఉంటుంది, మన గోడ మీది సుద్ద గీతల్లాగా. అవి పరిశోధనకు పనికొస్తాయి. ఆ డబ్బుతో ఒక మంచి థర్మామీటర్ కొనండి.

వాపు తగ్గడానికి స్టీరాయిడ్ సూది వేస్తే మంచిది కదా?

స్టీరాయిడ్లు వాపు తగ్గిస్తాయి, అది నిజం. అడ్రినల్ గ్రంథి హార్మోన్ల మీద పనికి 1950లో కెండాల్, రైఖ్‌స్టైన్, హెంచ్ అనే ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది. మనుషుల కీళ్ళవాతంలో అవి అద్భుతం చేశాయి. కానీ గర్భసంచి నిండా సూక్ష్మజీవులు ఉన్న ఆవులో వాపు అంటే సిపాయిలు చేరుతున్న గుర్తు. అక్కడ స్టీరాయిడ్ వేస్తే, అప్పటికే ఎక్కువైన కార్టిసాల్‌కు ఇంకా తోడు చేసినట్టు. జ్వరం దిగి ఆవు లేచి తిరిగితే మందు పని చేసిందనుకుంటాం, లోపల సూక్ష్మజీవులు మాత్రం అలాగే ఉంటాయి. మెడికల్ షాపులో అడిగి మీరే తెచ్చి వేయకండి.

మరి సరైన వైద్యం ఏమిటి?

అది డాక్టర్ చూసి చెప్పాలి. జ్వరంతో ఉన్న మెట్రైటిస్‌కు సాధారణంగా ఒంటికి ఎక్కే యాంటీబయోటిక్ ఇస్తారు, సెఫ్టియోఫర్, ఆక్సిటెట్రాసైక్లిన్ లాంటివి. నీరసించిన ఆవుకు సెలైన్, కాల్షియం. నొప్పికి, జ్వరానికి మెలోక్సికామ్ వంటిది. నొప్పి తగ్గడం చిన్న సంగతి కాదు, నొప్పి కూడా కార్టిసాల్‌ను పెంచుతుంది. డైక్లోఫెనాక్‌ను మాత్రం పశువులకు వాడకుండా 2006లోనే ఆపేశారు. ఆ మందు వేసిన పశువు కళేబరం తిని రాబందులు లక్షల్లో చచ్చిపోయాయి. బెంగళూరుకు 50 కిలోమీటర్ల దూరంలో రామనగర రామదేవర బెట్ట మీద ఇంకా కొన్ని రాబందులు ఉన్నాయి, వాటికోసం అభయారణ్యం ఉంది.

గర్భసంచిలోకి ఘాటైన అయోడిన్ మందు ఎక్కించి కడగడం పాత పద్ధతి. లోపలి లేత పొర దానివల్ల దెబ్బతింటుంది. సూదుల కోర్సు మధ్యలో ఆపకూడదు, మందు సీసా మీద రాసిన రోజులు పూర్తయ్యేదాకా పాలు డైరీకి పోయకూడదు. ఆ నాలుగు రోజుల పాల డబ్బు పోతే కష్టమేనని నాకు తెలుసు. అయినా ఆ పాలు తాగేది ఎవరింటి పిల్లలో.

బయటికి చీము లేదు, కంపు లేదు. అయినా మూడుసార్లు చూలు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించినా చూలు నిలవలేదు. ఎందుకు?

పైన చెప్పిన మూడో రకం కావచ్చు. లోపలి పొర నుంచి కణాలు తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే న్యూట్రోఫిల్స్ ఎక్కువగా కనిపిస్తాయి. ఈ వాపు వల్ల పిండం అతుక్కోదు. పైగా సూక్ష్మజీవుల విషం, కార్టిసాల్ రెండూ మెదడు నుంచి అండాశయానికి వెళ్ళే కబుర్లను చెదరగొడతాయి. అండం ఆలస్యంగా విడుదలవుతుంది లేదా విడుదలే కాదు, ఎద సరిగా తెలియదు.

ఎద సమయంలో వచ్చే జిగురు తీగ అద్దంలా తేటగా ఉండాలి. అందులో తెల్లటి పొరకల్లాంటివి కనిపిస్తే ఆ ఎదకు చూలు సూది ఆపి డాక్టర్‌కు చూపించండి. ఈనిన 60 రోజుల లోపు తొందరపడకండి.

గేదెలకు కూడా ఇదేనా?

దారి అదే. గేదెకు ఎండ ఇంకా ఎక్కువ కష్టం, చర్మం నల్లన, చెమట తక్కువ.

ఈ జబ్బు మనకు అంటుతుందా?

మామూలు మెట్రైటిస్ అంటదు. కానీ మాయ నిలవడానికి బ్రుసెల్లా కారణమైతే అది మనుషులకు అంటుకునే జబ్బు. వదలని జ్వరం, కీళ్ళనొప్పులతో నెలల తరబడి పీడిస్తుంది. చేతి తొడుగు లేకుండా మాయను ముట్టకండి, గర్భిణులను ఆ పనికి అసలు పంపకండి. పడిన మాయను కుక్కలకు వేయకుండా సున్నం చల్లి లోతుగా పూడ్చండి. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు బ్రుసెల్లా టీకా వేయించండి. పచ్చిపాలు తాగవద్దు.

ఎవరిని అడగాలి?

అవసరం పడితే 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం కోసం. బెంగళూరు హెబ్బాళలో పశువైద్య కళాశాల ఉంది, 1958 నుంచి నడుస్తోంది. అడుగోడిలో జాతీయ పశు పోషణ సంస్థ ఉంది, ప్రాంతాన్ని బట్టి ఖనిజ మిశ్రమం తయారు చేసింది వాళ్ళే. దాని పక్కనే 1923లో మొదలైన డైరీ పరిశోధన కేంద్రం ఉంది. 1927లో బెంగళూరులో విశ్రాంతి తీసుకుంటున్న గాంధీజీ ఆవుల పెంపకం నేర్చుకోవడానికి అక్కడికే వెళ్ళారు. అడగడానికి మొహమాటపడే వాళ్ళకు నేను ఈ సంగతి చెబుతుంటాను.

ఈనగానే దూడను తల్లి నుంచి విడదీయమంటారు కొందరు. ఏది మంచిది?

పెద్ద ఫారాల్లో జబ్బులు అంటకుండా విడదీస్తారు, వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. ఐదారు ఆవుల ఇంట్లో మాత్రం మొదటి గంటలు తల్లీ దూడా కలిసి ఉండటమే మేలని నా అనుభవం. దూడను నాకుతున్నప్పుడు, దూడ కుడుస్తున్నప్పుడు తల్లిలో ఆక్సిటోసిన్ ఊరుతుంది, గర్భసంచి ముడుచుకుంటుంది. దూడకు కూడా మొదటి రెండు గంటల్లోనే జున్నుపాలు అందాలి.

మా కొట్టంలో మొదటి రోజంతా దూడను తల్లి ముందరే ఎండుగడ్డి మీద ఉంచుతాం. దీపం తగ్గించి, ఒక్క మనిషి మాత్రం గోడకు ఆనుకుని కూర్చుంటాం. అది నాకుతూ, సన్నగా మూలుగుతూ, మధ్యలో వెచ్చని నీళ్ళు తాగి మళ్ళీ నాకుతూ ఉంటుంది. అలా చూస్తూ ఉండగానే మాయ మెల్లగా జారి నేల మీద పడటం చాలాసార్లు చూశాను.